తెల్లబట్టకు ఎండ

ప్రార్థనామందిరం తెరలు నానబెట్టాను. ప్రతివారం అవి ఉతుక్కి మా ఇంటికే వస్తాయి. "దేవుడి పనికి కూలేంటే?" అంటాడు మా ఆయన. కొళాయి దగ్గర్నుంచి బిందెలు మోసేది మాత్రం నేను, నడుం పట్టేసేది నాకు. ఆ మందిరం కట్టించింది అన్న. ఎవరికి అన్నో పేటలో ఎవరూ అడగరు. అతని మనుషులు తుపాకులు చెప్పుల పక్కన వదిలి, లోపలికొచ్చి కళ్లు మూసుకుంటారు. "ఎంత భక్తో చూడు!" అని మా ఆయన మురిసిపోతాడు.

మా సందు చివరే అమ్మ వెళ్లే పాటల గది ఉండేది. అక్కడి దేవుడు వేరు. ఆడవాళ్లు తెల్లబట్టలు కట్టుకుని, గుండ్రంగా కూర్చుని పాడేవారు. చిన్నప్పుడు అమ్మ ఒళ్లో తలపెట్టుకుని వినేదాన్ని. పాట నా చెవికంటే ముందు ఆమె పొట్టలోంచి నా చెంపకు తగిలేది. అన్న మనుషులు ఆ గదికి తాళం వేశారు. దండెం మీద తెల్లబట్ట కనిపిస్తే ఆ ఇల్లు ఖాళీ చేయాల్సిందేనన్నారు. తెల్లగా కనబడకూడదని మా ఆయన బనియన్లు కూడా ఆ వారమే ముదురు నీలం రంగులో ముంచాను.

అమ్మ పోయాక నాకు మిగిలింది ఆమె తెల్ల పైబట్ట ఒక్కటే. దాన్ని ఉతికి మంచం కింద ఆరేస్తాను. ఎండ తగలక ముక్కవాసన పట్టింది. ఈ పొద్దున చూస్తే నల్లచుక్కలు. ముఖానికి ఆనించుకున్నాను. అమ్మ లేదు, చెమ్మ ఉంది. ఇక నిలవలేకపోయాను.

తెరలను బకెట్లోనే వదిలేసి డాబా ఎక్కాను. పైబట్టను దండెం మీద వేసి, ఒక కొసకి క్లిప్పు పెట్టాను. ఎదురు డాబా మీద అన్న కాపలా మనిషి టీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడ్డాడు. నా వెనక మెట్ల మీద అత్తగారి ఆయాసం వినిపించింది. పెళ్లైన నాటి నుంచీ నా ఉతుకులో మరకలు వెతికే మనిషి.

"మతి పోయిందేమే? అందర్నీ వీధిలో పడేస్తావా?"

"ఒక్క పూట ఎండ తగలనీయండి అత్తయ్యా."

ఆవిడ బట్ట అంచు పట్టుకుంది. లాగేస్తుందనుకున్నాను. నల్లచుక్కను బొటనవేలితో మెల్లగా రుద్దింది.

"మీ అమ్మ పాట ఎత్తుకున్నాకే నేను పొయ్యి వెలిగించేదాన్ని," అంది.

ఎదురు డాబా వైపు చూడకుండా, తన జుట్టులోంచి పిన్ను తీసి నా చేతిలో పెట్టింది.

"గాలి తోలుతోంది. ఈ కొస కూడా బిగించు."