రెండో గంట

ఎర్సీలియా బడి ముందు మెట్ల మీద తడి రంపపుపొట్టు చల్లి ఊడుస్తోంది. పో నది మీంచి వచ్చిన పొగమంచు ఇంకా వీడలేదు. ఆమె మోకాళ్లు మెట్టుమెట్టుకీ గొణుగుతున్నాయి. ఈ బడిలో ఇరవై ఆరేళ్లుగా ఆమే ఆయా. ఇవాళ, సెప్టెంబరు ముప్పైతో, ఆఖరు.

ఇరవై ఆరేళ్లూ పొద్దున్నే రెండుసార్లు గంట మోగేది. ఎనిమిదిన్నరకి కరెంటు గంట మోగగానే పిల్లలు ముందు గుమ్మంలోంచి వెళ్లేవాళ్లు. పది నిమిషాలయ్యాక ఆమె చేతిగంట ఊపితే, బాయిలరు గది వెనక ప్రత్యేక తరగతిలో చదివే అవిటి పిల్లలు పక్క గుమ్మంలోంచి వచ్చేవాళ్లు. ఎవరి కంటా పడకూడదని, ఎవరూ నవ్వకూడదని ఆ ఏర్పాటు. అది ఎర్సీలియాకి తప్పనిపించలేదు. చెవిటి తమ్ముడు ఎల్వీనోని ఆరేళ్లకే ఎక్కడో దూరాన ఓ ఆశ్రమంలో పెట్టేశారు. ఏడాదికోసారి ఇంటికొస్తే కన్నతల్లిని కూడా కొత్త మనిషిని చూసినట్టు చూసేవాడు. దాంతో పోలిస్తే పక్క గుమ్మం ఎంతో నయమనుకునేది, పిచ్చిది.

ఈ వేసవిలో కొత్త చట్టం వచ్చి ఆ గది మూతపడింది. పిల్లలందరూ ఇక ఒకే గుమ్మంలోంచి, ఒకే తరగతుల్లోకి. ఆ గదిలోవాళ్లు నలుగురు వారంలో అలవాటుపడ్డారు. కాళ్లకి ఇనపపట్టీలున్న నొరీనా మాత్రం రోజూ పక్క గుమ్మం దగ్గరే నిలబడుతుంది. ఎర్సీలియా జాలిపడి తలుపు తీస్తుంది. పోనీలే, అలాగే రానివ్వమన్నాడు హెడ్మాస్టరు. రేపొచ్చే ఆయా కూడా తీస్తుంది, ఆ తర్వాత ఇక ఎప్పటికీ అంతే. తలుచుకుంటే ఎర్సీలియాకి గుబులుగా ఉంది. ఈ అలవాటు చేసింది తనేగా మరి.

కరెంటు గంట మోగింది. ఈరోజు ఆమె తాళం తియ్యలేదు. చుట్టూ తిరిగి వెళ్లి నొరీనాని ముందు గుమ్మంలోంచి రమ్మంది.

"నా గంట కొట్టలేదుగా. కొడితేనే వస్తా," అంది నొరీనా మూతి ముడుచుకుని.

ఎర్సీలియా వెళ్లి చేతిగంట తెచ్చింది. ముందు మెట్ల మీద నిలబడి ఊపడం మొదలుపెట్టింది.

"ఆవు తప్పిపోయిందా, ఎర్సీలియమ్మా?" అన్నాడు ఆలస్యంగా వచ్చిన పిల్లాడొకడు.

"ఒకటి దొరికింది, నువ్వు. లోపలికి పద."

చెయ్యి నొప్పెట్టేదాకా ఊపింది. అప్పటికి మలుపు దగ్గర ఇనుము టకటకమంది. కిటికీల్లోంచి ఒకరిద్దరు నవ్వారు కూడా. నొరీనా ఆగి, వాళ్లకేసి గుర్రుగా చూసి, కమ్మీ పట్టుకుని మెట్లెక్కింది.

"రేపెవరు కొడతారు?" అంది రొప్పుతూ.

"ఎవరూ కొట్టరు. కరెంటు గంట నీకూ వినపడుతుందిగా."

నొరీనా కాస్త ఆలోచించింది. వినపడుతుందని ఒప్పుకుని లోపలికి వెళ్లింది. ఎర్సీలియాకి ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

మధ్యాహ్నం ఒంటిగంటకి పనిలో వేసుకునే నల్లకోటు మేకుకి తగిలించి, సైకిలు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయింది. చేతిగంట ముందు గుమ్మం పక్క కిటికీ గట్టు మీదే ఉండిపోయింది, ఆమె వేళ్లు పట్టిన చోట కర్రపిడి నున్నగా అరిగిపోయి.