గోకే భరిణె

పొద్దున్నే రైస్ కుక్కర్ మీట నొక్కి, పసిదాని గుడ్డలు ఉతికి ఆరేసి, మంచాన ఉన్న తన తల్లికి మందులిచ్చి, అప్పుడు సావాకో బట్టల బీరువా కింది సొరుగు కాస్త తెరిచిపెట్టేది. పూర్తిగా మూసి ఉంచితే లోపల భరిణె మరీ బరబరా గోకుతుంది. గాలి తగిలితే కొంచెం నయం.

జపాన్‌లో తొయామా సముద్రతీరాన ఉన్న ఆ ఊళ్లో బిడ్డ పుడితే ఎండిన బొడ్డు ముక్కని చిన్న చెక్క భరిణెలో దాచుకుంటారు. ఏ పిల్ల ఒళ్లు దురదల పాలవుతుందో ఆ పిల్ల భరిణె మొదటివారం నుంచే గోకడం మొదలెడుతుంది. టీకి వచ్చిన ఇరుగమ్మలు విని, "మీ ఇంట్లోనూనా, పాపం" అని ఇంకో గుక్క తాగుతారు. అంతకుమించి అందులో మాట్లాడుకోవడానికి ఏముంది?

పసిది నజునా పుట్టి రెండు నెలలు. ఒంటిమీద ఇంకా ఒక్క దద్దురు లేదు. భరిణె మాత్రం ఆగింది లేదు.

ఆరోగ్య కేంద్రం నర్సమ్మ వచ్చి దాన్ని చెవికి ఆనించుకుని విన్నది. "పుట్టుకతో ఒంట్లో రాసి ఉండే అక్షరాలేం మారలేదమ్మా. వాటిమీద అక్కడక్కడా చుక్కలు పడ్డాయి, అంతే. కడుపులో ఉండగానే పడతాయి. మీ దిగులు, మీ తిండి, మీ అమ్మగారి నుంచి మీకొచ్చింది, అన్నీ కలిసి."

"తుడిస్తే పోతాయా?"

"కొన్ని పోతాయి, కొన్ని పోవు. ఈ భరిణె దురద రావచ్చు అంటోంది, వచ్చి తీరుతుందని అనడం లేదు. రెండు పూటలా ఒంటికి క్రీము రాయండి."

సావాకో రాసేది. బల్ల తుడిచినట్టు రాసేది. కాన్పయిన దగ్గర్నుంచి ఆమెకి ప్రేమా లేదు, విసుగూ లేదు, లోపలంతా మొద్దుబారిపోయింది. ఓడమీద పనిచేసే మొగుడు ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాం" అని పెట్టేసేది. ఒక్కటే తెలుసు, చిన్నప్పుడు దురదలతో తను పడ్డది ఈ పిల్ల పడకూడదు. పక్కదుప్పటి మీద నెత్తురు మరకలు, ఆటలో చెయ్యి పట్టుకోమంటే వెనక్కి లాక్కున్న పిల్లలు, అవన్నీ ఆమెకి గుర్తే.

సావాకో తల్లి ఫుసాయె గుండె జబ్బుతో మంచం పట్టింది గానీ నోరు మాత్రం పడిపోలేదు. తల్లి పోతే బిడ్డ భరిణెని ఆమె శవపేటికలో పెట్టడం అక్కడి ఆచారం. అవతల ఎవరైనా అడిగితే, ఇదిగో నేను కన్నది అని చూపించుకోవాలి కదా.

"నాతో నీది పంపకే. ఆ గోకేదాన్ని పంపు" అంది ఒకరోజు.

"అది ఈ పిల్లది. నేను పోయినప్పుడు నాతో రావాల్సింది."

"నువ్వు పోయేదాకా గోకుతూనే ఉంటుంది. నాతో వస్తే పిల్లని వదిలిపోతుంది."

"మరి నన్ను కన్నానని ఏం చూపిస్తావు?"

"నువ్వు గోక్కోకుండా ఏళ్ల తరబడి నీ చేతులు పట్టుకుని పడుకున్నాను. నమ్మకపోతే వాళ్ల ఖర్మ."

"అక్కడ నీకు దురద పెడుతుందమ్మా."

"పెట్టనీ. అక్కడ నాకింకేం పని, గోక్కుంటూ కూర్చుంటాను."

సావాకో నవ్వలేదు. నవ్వాల్సిన మాటేనని తెలుసు గానీ నవ్వు రాలేదు.

చలి ముదిరిన వారంలో ఫుసాయె నిద్రలోనే పోయింది. అందరూ శవపేటికలో తెల్ల చామంతులు పెడుతుంటే, తోకియె పిన్ని సావాకో భరిణె తెచ్చి చేతికివ్వబోయింది. సావాకో అది తీసుకోకుండా తన సంచిలోంచి రెండోది తీసింది. గోకుడు గదంతా వినబడింది. మంత్రం చదువుతున్న పూజారి ఒక్క క్షణం ఆగి మళ్లీ అందుకున్నాడు.

"అది పిల్లది కదే" అంది పిన్ని గొంతు తగ్గించి. "రేపు నీకేం మిగులుతుంది?"

"తెలుసు పిన్నీ."

భరిణెని తల్లి చేతుల దగ్గర పెట్టింది. నిన్నటి నుంచి బిగుసుకుపోయి ఉన్న వేళ్లు మెల్లిగా విప్పుకుని, దాన్ని అందుకుని, మళ్లీ ముడుచుకున్నాయి. పిన్ని పక్కకి జారిన చామంతిని సర్దింది. చప్పుడు ఆగిపోయింది. మూత వేశారు. "కళ్లల్లో ఒక్క చుక్కయినా లేదు చూడు" అన్నారు వెనకనుంచి ఎవరో.

ఆ శీతాకాలం వీధిలో పిల్లల బుగ్గలు ఎర్రగా పగిలి రసి కారాయి. నజునాకి ఏమీ కాలేదు. నర్సమ్మ మోకాళ్ల వెనకా మోచేతుల మడతల్లోనూ చూసి, "శుభ్రంగా ఉంది. అయినా క్రీము మానకండి" అని చెప్పి వెళ్లింది.

ఆ సాయంత్రం నిద్రపోతున్న పిల్ల వీపుకి క్రీము రాస్తుంటే సావాకోకి ఒక ఆలోచన వచ్చింది. రేపు తను పోతే, ఇది నీ పిల్లేనా అని అక్కడ అడుగుతారు. చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. కాదు పొమ్మంటే?

ఆమెకి భయం వేసింది. కాన్పయ్యాక ఆమెకి ఏదైనా అనిపించడం అదే మొదలు. నా పిల్లని నాది కాదంటారేమో అన్న భయం, ఒట్టి భయం. క్రీము చేతులతోనే గబుక్కున పిల్లని లాక్కుని గుండెకి అదుముకుంది. నజునా ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడ్చింది. సావాకో కిందికి దించలేదు.