ఆరుగురికి ఒకే కుర్చీ

మా అమ్మాయి రుబా మందుల ఫ్యాక్టరీలో రెండు నెలల ఇంటర్న్‌షిప్‌కి ఎంపికైందని ఇర్బిద్ ఊళ్లో మా వీధి వీధంతా మెచ్చుకుంటుంటే, నేను మాత్రం మెచ్చుకోలేదు. ఆరుగురిని తీసుకుని చివరికి ఒక్కరికే ఉద్యోగం ఇస్తారట. ఆ ఒక్కరి పేరు ముందే రాసిపెట్టుకుని, మిగతా ఐదుగురి చేత ఊరికే చాకిరీ చేయించుకుంటారని నాకు మొదటి రోజే తెలుసు. నాది అనుమానపు బుద్ధి అని మా ఆయన అంటాడు. మా పెద్దాడు ఖుతైబా ఇంజనీరింగ్ పరీక్షలో జిల్లా మొత్తానికి మొదటివాడిగా వస్తే, వాడికి రావాల్సిన ఉద్యోగం ఎవరి మేనల్లుడికో పోయింది. వాడిప్పుడు టాక్సీ తోలుతున్నాడు. ఆ తర్వాత కూడా అనుమానం రాకపోతే అది మంచితనం కాదు, తెలివితక్కువతనం.

ఫ్యాక్టరీకి పంపే ముందు నెల రోజులు శిక్షణ కేంద్రంలో ఏం నేర్పారయ్యా అంటే, కూర్చోవడం, నిలబడటం, ఎదుటివాడి కళ్లలోకి చూసి మాట్లాడటం. రుబా వంటింట్లో నన్ను మేనేజరుగా కూర్చోబెట్టి తన గురించి తాను చెప్పుకునేది. నేను కూసా అనే చిన్న గుమ్మడి కాయల్లో బియ్యం కూరుకుంటూ వినేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"ఇవన్నీ సరే, నీ వెనకాల ఎవరున్నారని అడిగితే ఏం చెప్తావే?"

"ఎవరూ లేరని చెప్తానమ్మా. నువ్వు కూడా ఎవరితోనూ చెప్పించొద్దు. ఫవ్వాజ్ మామయ్యకి అసలు తెలియనివ్వద్దు. ఈ ఒక్కటీ నా అంతట నన్ను తెచ్చుకోనీ."

సరేనన్నాను. నిజంగానే ఆ మాట మీద ఉందామనుకున్నాను.

కానీ ఫ్యాక్టరీలో చేరిన మూడో వారంలో ఒకరోజు అది మక్‌దూస్ వంకాయ పచ్చడి పెట్టిన రొట్టె ఇంట్లో మర్చిపోతే, ఇవ్వడానికి ఫ్యాక్టరీ దాకా వెళ్లాను. గేటు దగ్గర పెద్ద నల్లకారు ఆగింది. అందులోంచి దిగిన పిల్ల వాచ్‌మన్ దగ్గర సంతకమైనా చేయకుండా లోపలికి పోయింది. ఆరుగురిలో ఒకతే, పేరు జుమానా. కాసేపటికి గాజు తలుపు వెనక ల్యాబ్ మేనేజరమ్మతో కలిసి కాఫీ తాగుతూ నవ్వుతోంది. మా రుబా చేతులకి గ్లవ్స్ వేసుకుని ఓ మూల సీసాలు లెక్కపెడుతోంది. నా ఒళ్లు మండిపోయింది. ఇక తెలుసుకోవడానికేముంది?

అక్కణ్నుంచి తిన్నగా మా అన్నయ్య ఫవ్వాజ్ ఇంటికి పోయాను. మున్సిపాలిటీలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు. ఊళ్లో ఎవరికి ఏ వాస్తా, అదే సిఫార్సు, కావాలన్నా ఆయన గుమ్మం తొక్కాల్సిందేనని ఆయనకి గట్టి నమ్మకం. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాణ్ని చూడాలి కదా. విషయమంతా చెప్పాను. ఫ్యాక్టరీ డైరెక్టరు మామగారు తనకి బాగా తెలుసన్నాడు. ఒక్క ఫోను చాలు, నువ్వు నిశ్చింతగా పోయి పడుకో అన్నాడు. రుబా చెవిన పడొద్దని పదిసార్లు చెప్పి వచ్చాను.

రెండు నెలలూ పూర్తయ్యాక ఒక గురువారం మధ్యాహ్నం ఫలితాలొచ్చాయి. ఉద్యోగం మా రుబాదే. జుమానా రెండోది. పిల్ల నన్ను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. మేనేజరమ్మ స్వయంగా పిలిచి, ఒక బ్యాచ్ సీసాల్లో తేడా కనిపెట్టింది నువ్వొక్కదానివేనని చెప్పిందట. "ఎవరి చెయ్యీ లేకుండా తెచ్చుకున్నానమ్మా" అంది. నాకు సంతోషం రాలేదు, అన్నయ్య ఫోను గుర్తొచ్చి భయం వేసింది.

సాయంత్రం కాకముందే మా అన్నయ్య పళ్లెం నిండా కునాఫా మిఠాయి పట్టుకుని దిగాడు. అప్పటికే ఇరుగుపొరుగు ఆడవాళ్లు నలుగురు వచ్చి కూర్చున్నారు. వాళ్లందరి ముందూ పళ్లెం బల్ల మీద పెట్టి, మీసం సర్దుకున్నాడు.

"మీ అమ్మ వచ్చి అడిగింది, నేనొక్క ఫోన్ కొట్టాను. అంతే. మామయ్య మాట ఈ ఊళ్లో ఇంకా చెల్లుతోందే పిల్లా."

ఆడవాళ్లు ఆయనకి అభినందనలు చెప్పారు. రుబా అందరికీ కునాఫా వడ్డించింది, తను ముట్టుకోలేదు.

మర్నాడు నేను అన్నయ్యని ఆయన ఇంట్లోనే నిలదీశాను. డైరెక్టరు మామగారు ఏమన్నాడో మాట మాటా చెప్పమన్నాను. కాసేపు నసిగాడు, దగ్గాడు, టీ తాగమన్నాడు. చివరికి బయటపడింది.

"మూడుసార్లు చేశాను. ఎత్తితే కదా చెల్లీ మాట్లాడేది. ఎలాగూ వచ్చింది కదా, నాలుగు మంచి మాటలు నా ఖాతాలో పడితే నీ సొమ్మేం పోయింది?"

ఏం పోయిందో ఆయనకెలా చెప్పను? చెయ్యి పట్టుకుని మా ఇంటికి లాక్కొచ్చాను. రుబా ఎదురుగా కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పించాను. పాపం, ఆ పెద్దమనిషి తల దించుకుని అంతా ఒప్పుకున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదని, ఉద్యోగం పూర్తిగా దాని కష్టమేనని మూడుసార్లు చెప్పాడు.

రుబా చివరిదాకా విని, ఆయనకి టీ పోసింది.

"ఇలా చెప్పమని అమ్మే తీసుకొచ్చిందా మామయ్యా?"

కాదే, ఇదే నిజమని నేను మొత్తుకున్నాను. అది నమ్మలేదు. దాని చోట నేనున్నా నమ్మేదాన్ని కాదు.