మాది కాదని రాసింది నేనే

ఆ ఆడియో కంపెనీ పంపిన మెయిల్‌ను పదకొండుసార్లు చదివాను. మొదట అర్థం కాక, తర్వాత అర్థమై, ఆ తర్వాత తిట్టుకోవడానికి. మా వీడియో ఛానెల్లో పెట్టిన ‘నల్లమబ్బా’ పాట తమ హక్కుల్లో ఉన్న పాటకు కాపీ కాబట్టి దాన్ని తీసివేయించామని అందులో ఉంది. మా ఊరి కళ్లంలో, మా అందరి ముందు ఆదెప్ప తాత కట్టిన పాట, హైదరాబాదులో ఎవరో ఏసీ గదిలో దాచుకున్న పాటకు కాపీ అట. తల్లిని నిలబెట్టి, నీ కూతురి పోలికలు ఎత్తుకొచ్చావేమని అడిగినట్టుంది. ఆ రోజు షాపుకు వచ్చినవాళ్లందరి మీదా విసుక్కున్నాను.

నా పేరు చంద్రిక. ఉరవకొండ బస్టాండు వెనక జిరాక్సు షాపు నాది. పంట బీమా, పింఛను, కుల సర్టిఫికెట్టు, ఏ ఫారమైనా నింపి పంపిస్తాను. పదేళ్లుగా నేను నింపిన ఫారం తప్పని ఒక్క ఆఫీసూ వెనక్కి పంపలేదని గొప్పలు చెప్పుకునేదాన్ని. అలాంటిదాన్ని మూడు ముక్కలు రాసి మా గురువు పాట పోగొట్టాను.

మా గురువంటే ఆదెప్ప తాత. డెబ్బై ఒక్క ఏళ్లు. నాలుగెకరాల మెట్ట చేను, శెనక్కాయల పంట, ప్రతి ఏడూ ఆకాశం వైపు చూడటం. చదువు రాదు, కానీ నూరు పాటలు కట్టాడు. చెక్కభజన నేర్పుతాడు. చేతుల్లో చెక్కలు వాయిస్తూ, కాళ్లకు గజ్జెలు కట్టుకుని గుండ్రంగా తిరుగుతాం. గురువు నడుమ నిలబడి పాట ఎత్తుతాడు, చుట్టూ ఉన్న మేం అందుకుంటాం. ఊళ్లో మగపిల్లలు ఒక్కొక్కరే మానేస్తే, తాత మా ఆడపిల్లల్ని పద్నాలుగు మందిని పోగేశాడు. ఆడవాళ్లతో గంతులేయిస్తున్నాడని ఊరంతా ఆరు నెలలు నవ్వింది. ఆ తర్వాత ఆ నవ్విన వాళ్లే జాతరలో మమ్మల్ని ముందు వరుసలో ఆడించారు.

మా గురువుల వరసలో ఒక నియమం ఉంది. పాట ఎవరిదని అడిగితే కట్టినవాడు ‘నాది’ అనకూడదు. ‘నాది కాదు, చౌడమ్మది’ అని మా ఊరి అమ్మవారి పేరే చెప్పాలి. కట్టినవాడి పేరు చెప్పాల్సింది ఆ పాట తీసుకున్నవాడు. పక్క ఊరి బృందం మా పాట పాడుకోవచ్చు, కానీ ముందు ఫలానా ఊరి ఫలానా గురువు దగ్గర తెచ్చుకున్నామని చెప్పాలి, తన వంతుగా ఒక చరణమో ఒక అడుగో కలపాలి. ఉన్నది ఉన్నట్టు పాడి వెళ్లిపోతే అది గురువును అవమానించడమే. ‘నాది’ అని నోరు జారిన గురువు ఇక నడుమ నిలబడకూడదు. తాతకు నేర్పిన హనుమంతరాయుడు గారితో కలిసి నేర్పే గురువు ఒకాయన ఏదో పోటీలో కోపం పట్టలేక ఆ మాట అన్నాడట. మరుసటి రోజు నుంచి శిష్యుల వరుసలో చివరన నిలబడి, చచ్చేదాకా అక్కడే ఆడాడట. తాత ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు.

మూడేళ్ల కిందట తాత పాటలు అరవై మూడు ఫోనులో రికార్డు చేసి ఛానెల్లో పెట్టాను. అన్నీ ఉచితం. కింద ఏం రాయాలని అడిగితే తాత ఎప్పుడూ చెప్పే మాటే చెప్పాడు. నేను ఫారాలు నింపే చేత్తోనే ప్రతి పాట కిందా టైపు చేశాను: ‘ఈ పాటలు మావి కావు, చౌడమ్మవి. ఎవరైనా తీసుకోండి, మీ చరణం కలుపుకోండి.’ తీసుకున్నవాళ్లు పేరు చెప్పాలని మాత్రం రాయలేదు. అది చెప్పి చేయించే సంగతని నాకు తట్టనే లేదు. అన్నం పెడితే చెయ్యి కడుక్కుని తినండని ఎవరైనా బోర్డు రాసి పెడతారా?

రీమిక్సుల మీద నాకు కోపమని అనుకోకండి. రీమిక్సులు వచ్చిన ఆ రెండేళ్లే తాత బతుకులో పండగ. ‘నల్లమబ్బా’కే పందొమ్మిది వచ్చాయి.

తూరుపెళ్లే నల్లమబ్బా, తొందరేమి నీకు?
చేని గట్టున కూచుని పో, చెంబెడు నీళ్లిచ్చి పో.

మడకశిర దగ్గర గొర్రెలు మేపే ఓబిలేష్ దానికి కన్నడంలో ఒక చరణం కలిపాడు. అందులో మబ్బు కన్నడ సీమ నుంచి సరిహద్దు దాటి వాళ్ల వైపు వస్తుంటే, అక్కడివాళ్లకే చెంబెడు ఇవ్వనిదానివి ఇంత దూరం ఎందుకొచ్చావని గొర్రెలు అడుగుతాయి. గుంతకల్లులో రైల్వే ఉద్యోగి కూతురు కృపాకుమారి గూడ్సు బండి చక్రాల చప్పుడునే తాళంగా పెట్టింది. తాత బుధవారం సంతకు వచ్చినప్పుడల్లా నా షాపులో స్టూలు మీద కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అన్నీ వినేవాడు. గూడ్సు బండి తాళం యాడా తప్పలేదని మెచ్చుకున్నాడు. కన్నడ చరణం విని ఇది తనకు ఎందుకు తట్టలేదని రెండు రోజులు బాధపడ్డాడు. వాళ్లందరూ మొదట్లోనే ఉరవకొండ ఆదెప్ప తాత పాట అని చెప్పేవారు. ఆ మాట వచ్చినప్పుడు గురువు సిగ్గుపడి తల తిప్పుకోవాలి. తాత తల తిప్పుకునేవాడే, కానీ ఆ పేరు చెప్పే చోటు మాత్రం ఇంకోసారి వేయమనేవాడు.

పేరు చెప్పనివాడు ఒక్కడే, అనంతపురంలో డీజే కొట్టే రాజేంద్ర. మబ్బును అమ్మాయిని చేశాడు, చెంబెడు నీళ్లను ముద్దు చేశాడు, కింద గుండెలదిరే డప్పు పెట్టాడు. పెళ్లిళ్లలో, నిమజ్జనాల్లో అదే మోగింది. అది విని తాత నవ్వి, పిల్లోడికి ఆకలి వేరే ఉండాదిలే అన్నాడు. ఆ ఒక్క రీమిక్సునే ఈ ఆడియో కంపెనీ తీసుకుంది. తీసుకుని, దానికి తల్లి అయిన మా పాటనే దొంగతనం కింద జమకట్టింది.

రాజేంద్రకు ఫోను చేశాను. తిట్టాల్సినవన్నీ ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాను. వాడు అరవలేదు, బుకాయించలేదు. కంపెనీ వాళ్లు ఇరవై పేజీలు ఇస్తే చదవకుండా సంతకం పెట్టానని ఒప్పుకున్నాడు. మరి తాత పేరెందుకు చెప్పలేదని అడిగాను.

“మీరే రాసినారు కదక్కా, మావి కావు అని. ఎవురివీ కాని పాటకు ఎవురి పేరు పెట్టల్ల?”

ఫోను పెట్టేసి నా చెంప నేనే వాయించుకుందామనుకున్నాను. వాడిని తిట్టడానికి రాసుకున్న కాగితం చింపేశాను. టౌనులో పుట్టి పెరిగిన పిల్లాడికి మా నియమం ఎవరు చెప్పారు? నేనే చెప్పాల్సింది, చెప్పలేదు.

కంపెనీకి మాత్రం ఆ సాకు లేదు. వాళ్లకు అన్నీ రాసి పంపాను. మా వీడియో తేదీ, వాళ్లదాని కంటే రెండేళ్ల ముందుది. పేరు చెప్పిన పద్దెనిమిది రీమిక్సులు, వాటి తేదీలు. వాటిని చేసిన పద్దెనిమిది మందీ అడగకముందే తమ పేర్లు, ఫోను నంబర్లు ఇచ్చి, పాట ఆదెప్ప తాతదేనని రాసి పంపారు. ఓబిలేష్ అయితే గొర్రెల్ని తమ్ముడికి అప్పజెప్పి, బస్సెక్కి షాపుకే వచ్చి సంతకం పెట్టి పోయాడు. ఒక్క పాట తీసుకున్నందుకు ఇంత మంది సాక్షులై నిలబడ్డారని నాకు గర్వంగా ఉండింది. కంపెనీ నాలుగు వాక్యాల్లో జవాబిచ్చింది. అవన్నీ ఇతరుల మాటలు. పాట మీది కాదని మీ ఛానెల్లో మీరే రాశారు. కట్టిన వ్యక్తి ‘ఈ పాట నాది, నా సొంతం’ అని స్వయంగా వీడియోలో చెప్పి పంపాలి. పదిహేను రోజుల్లో రాకపోతే ఫిర్యాదు ఖాయమై ఛానెల్ మొత్తం పోతుంది.

మొత్తం అంటే అరవై మూడు పాటలు. రికార్డు చేసిన ఫోను ఎప్పుడో కాలిపోయింది. వేరే కాపీ లేదు, ఫిర్యాదు తేలేదాకా ఛానెల్ స్తంభింపజేశారు కాబట్టి దించుకోనూ వీల్లేదు. తాత గొంతు ఇప్పుడు మునుపటిలా పైకి లేవదు, సగం పాటల్లో చరణాలు మరిచిపోయాడు కూడా. ఆ ఛానెల్ పోతే ఆ పాటలు పోయినట్టే.

చేనికి వెళ్లాను. తాత వంగి కలుపు తీస్తున్నాడు. వాన లేక మొక్కలు జానెడు కూడా లేవలేదు, కలుపు మాత్రం మోకాలెత్తు ఉంది. సంగతి మొత్తం చెప్పాను. విన్నంతసేపూ కలుపు తీస్తూనే ఉన్నాడు. చివరికి, ఆ మాట తప్ప ఇంకేదైనా చెప్తానన్నాడు. షాపు షట్టరు దించి, ఎవరూ లేకుండా ఒక్క నిమిషం రికార్డు చేద్దాం, ఊళ్లో ఎవరికీ తెలియదన్నాను. నాకు తెల్సు గదా అన్నాడు.

మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ అదే జవాబు. నాలుగోసారి నాకు ఒళ్లు మండింది. నీ మర్యాద కోసం అరవై మూడు పాటలు మంట్లో వేస్తావా, నువ్వు కాక ఎవరు కట్టారు వాటిని, చౌడమ్మ వచ్చి చెప్తుందా కంపెనీకి అని గట్టిగా అరిచాను. పక్క చేలో వాళ్లు నిలబడి చూశారు. గురువు మీద గొంతెత్తిన మొదటి శిష్యురాలిని నేనే అయ్యుంటాను. తాత కొడవలి తీసుకుని ఇంటిదారి పట్టాడు.

పదమూడో రోజున జ్యోతిలక్ష్మి వచ్చింది. మా బృందంలో చిన్నది, డిగ్రీ రెండో ఏడు. తను ‘నల్లమబ్బా’ ప్రాక్టీసు చేస్తూ తీసి, తన ఖాతాలో పెట్టుకున్న వీడియోను కంపెనీ తీసేయించింది. దొంగిలించిన పాట పెట్టినందుకు ఖాతా మూసేస్తున్నామని దానికి మెసేజ్ వచ్చింది. కాలేజీలో స్నేహితులు దాన్ని పాటల దొంగ అని ఏడిపిస్తున్నారట. ఏడుస్తూ తాత ఇంటికి కూడా వెళ్లి, ఆ మెసేజ్ చదివి వినిపించిందట. తాత ఒక్కటే అడిగాడట, దొంగ అని రాసి ఉండాదా, వాళ్లు నోటితో అంటాండారా అని. రాసే ఉండాదని అది చెప్పింది.

మరుసటి రోజు శనివారం, వారం వారం మేం ఆడే రోజు. సాయంత్రం నాలుగింటికి కళ్లంలో అందరం గజ్జెలు కట్టుకున్నాం. తాత తెల్ల పంచె, తలపాగాతో వచ్చాడు. ఎప్పటిలాగే నడుమ నిలబడి, ఫోను తీయమని నాకు చెప్పాడు. షాపులో చేద్దాం తాతా, ఈ పిల్లల ముందు వద్దని బతిమాలాను. ఆయన వినలేదు. అనేది అందరి ముందే అనాలట, చాటున అంటే అది నిజంగా దొంగతనమే అవుతుందట. రికార్డు నొక్కాను.

“నా పేరు ఆదెప్ప. నల్లమబ్బా పాట నేను కట్టినా. అది నాది. చౌడమ్మది కాదు, నాదే. ఈ బిడ్డలు దొంగలు కాదు, నేను ఇచ్చినా వీళ్లకి.”

అంతే చెప్పాడు. తర్వాత నడుమ నుంచి కదిలి, నడుచుకుంటూ వచ్చి వరుస చివరన, జ్యోతిలక్ష్మి పక్కన నిలబడ్డాడు. పద్నాలుగు మందిమీ తలెత్తలేదు. నడుమ ఎవరూ లేరు. కాసేపటికి తాతే నా వైపు చూసి, పాట ఎత్తమన్నాడు. నేను కదల్లేదు. రెండోసారి గట్టిగా చెప్పాడు, గురువు చెప్పినట్టుగానే. వెళ్లి నడుమ నిలబడి ఎత్తాను. తన పాటను మాతోపాటు అందుకుంటూ, నా అడుగు చూసి అడుగు వేస్తూ, డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి గుండ్రంగా తిరిగాడు.

వీడియో పంపిన నాలుగు రోజులకు ఒక్క లైను మెయిల్ వచ్చింది. ఫిర్యాదు ఉపసంహరించుకున్నామట. క్షమాపణ లేదు, తాత పేరు లేదు. అరవై మూడు పాటలూ నిలిచాయి, జ్యోతిలక్ష్మి ఖాతా తెరుచుకుంది. అందరూ నాకు అభినందనలు చెప్పారు. రాజేంద్ర కూడా ఫోను చేసి, తన దాంట్లో తాత పేరు పెట్టించమని కంపెనీని అడిగానని, వాళ్లు కుదరదన్నారని చెప్పాడు. నాకు సంతోషం రాలేదు. ఎవడో కుర్చీలో కూర్చుని రెండు క్లిక్కులు కొట్టినందుకు, యాభై ఏళ్లు నడుమ నిలబడిన మనిషి వరుస చివరికి పోయాడు. ఆ కోపం ఇప్పటికీ నాలో అలాగే ఉంది.

ఏ శనివారమూ తాత మానలేదు. అందరికంటే ముందు వస్తాడు, చివరనే నిలబడతాడు, నేను తప్పు ఎత్తినా సరిదిద్దడు. మొన్న ఆట అయ్యాక ఇద్దరం గజ్జెలు విప్పుకుంటున్నప్పుడు, జాతర దగ్గర పడుతోంది, కొత్త పాట ఒకటి కట్టు తాతా అన్నాను. తాత గజ్జెల తాడు ముడి విప్పుతూ అన్నాడు.

“పాటదేముందిలే చంద్రీ, కట్టొచ్చు. కట్టినాక అది ఎవురిదని చెప్పల్ల?”