గ్లెనిస్ ఆఖరి గుండు

గ్లెనిస్ ఆఖరి గుండును ఆమె తోడబుట్టిన లైల్ మింగేశాడు. ఇందులో వాదనకేమీ లేదు. కరింజా ఊళ్ళో ఎవరిని అడిగినా అదే చెబుతారు. ఆరేళ్ళుగా గ్లెనిస్ భర్త కెల్విన్ ట్రెలోర్ వాళ్ళందరికీ అదే చెబుతూ వచ్చాడు మరి.

అది తుపాకి క్లబ్బు వాళ్ళ ఈస్టర్ పోటీ. తొమ్మిది వందల మీటర్ల దూరం. అన్నాచెల్లెళ్ళు ఒకే టార్గెట్టుకు వంతులవారీగా కాలుస్తున్నారు. ఆమె కాల్చినప్పుడు అతను మార్కు వెయ్యాలి, అతను కాల్చినప్పుడు ఆమె వెయ్యాలి. అంతవరకూ గ్లెనిస్‌దే పైచేయి. ఆఖరి గుండు కాల్చింది. టార్గెట్టు కదల్లేదు. తగిలి ఉంటే టార్గెట్టు కింది గుంతలో కూర్చున్నవాళ్ళు పలకను కిందికి దించి, చిల్లుకు బిళ్ళ పెట్టి మళ్ళీ పైకెత్తుతారు. పలక కదలకపోతే మార్కు వేసేవాడు వైర్‌లెస్సు తీసి "మళ్ళీ చూడండి" అనాలి. పాత చిల్లులోంచే కొత్త గుండు దూరిపోవడం లోకంలో లేని వింతేమీ కాదు. లైల్ అడగలేదు. సున్నా వేశాడు. తన గుండు తాను కాల్చుకుని కప్పు ఇంటికి పట్టుకుపోయాడు.

ఆ శీతాకాలమే గ్లెనిస్ పోయింది. ఆ ఈస్టరే తనకు చివరిదని ఆమెకు ముందే తెలుసు, డాక్టరు చెప్పాడు. శవపేటిక మొయ్యడానికి లైల్ వచ్చి నిలబడితే కెల్విన్ అతని మోచెయ్యి పట్టుకుని వరసలోంచి తప్పించాడు. చర్చి గుమ్మంలో, ఊరంతా చూస్తుండగా.

"ఒక్క మాట అడగడానికి ఆరోజు నోరు రాలేదు. ఇవాళ మొయ్యడానికి భుజం వచ్చిందా?" అన్నాడు.

గుమ్మం పక్క బల్ల మీద కూర్చున్న గ్లెనిస్ తల్లి ఈడిత్ ఆ మాట విన్నది. అల్లుణ్ణి పిలిచి జరిగిందంతా చెప్పించుకుంది. ఆనాటి నుంచి కొడుకుతో మాట్లాడటం మానేసింది.

ఆరేళ్ళూ కెల్విన్ తుపాకి ముట్టలేదు. ఈ వేసవిలో ముట్టాడు. ఆ కప్పు నాలుగు చేతులు మారి నిరుడు మళ్ళీ లైల్ ఇంటికే చేరింది. అది అక్కడ ఉండగా తాను చావకూడదనుకున్నాడు.

కొత్త తుపాకి అడిలైడ్ నుంచి వచ్చింది. గొట్టం పొడుగు, బరువు, లోపల అద్దంలా నున్నన. భుజానికి ఆనే కట్టెను తన చేతి కొలతకు కుదించుకున్నాడు. షెడ్డు గుమ్మానికి దారం కట్టి, దానికి బరువు వేలాడదీసి, తుపాకి మీది దుర్భిణిలోని నిలువు గీత సరిగ్గా ఆ దారం మీద పడేదాకా తిప్పాడు. అది వెంట్రుకవాసి వాలితే అంత దూరాన గుండు జానెడు పక్కకు పోతుంది. మరలు బిగించేటప్పుడు కింది నుంచి పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలి. ఆ చెయ్యి ఇప్పుడు లేదు. తుపాకికి గుడ్డ చుట్టి, బల్లకున్న ఇనప వైసులో ఇరికించి బిగించుకున్నాడు.

కొత్త గొట్టాన్ని మచ్చిక చేసుకోవాలి. ఒక గుండు కాల్చాలి, తుడవాలి, ఇంకోటి కాల్చాలి. దానికి కొత్తగా చేసిన తూటాలు వాడటం దండగ. అలమరలో గ్లెనిస్ పెట్టె ఉంది. ఆ ఈస్టరు కోసం తాను చేసిచ్చినవాటిలో మిగిలిన తూటాలు. అదే కొలత, అదే గుండు. ఇన్నాళ్ళూ వాటిని పారెయ్యలేదు, కాల్చనూ లేదు. ఇత్తడి కాస్త నల్లబడింది, అంతే.

పెళ్ళయిన ఏడాది నుంచీ గ్లెనిస్ కాల్చిన ప్రతి తూటా కెల్విన్ చేతిదే. కాల్చిన గుల్లలు తుడిచి, అచ్చులో నొక్కి, అడుగున క్యాపు కూర్చి, తుపాకిమందు తూచి పోసి, పైన గుండు దించేవాడు. ఆమెకు కాల్చడం వచ్చు, తూచడం విసుగు. "నువ్వు వండు, నేను తింటా" అనేది.

తుపాకులు కాల్చే రేంజి గేటు తాళం మార్లీన్ దగ్గర ఉంటుంది. క్లబ్బుకు కెప్టెనూ ఆవిడే, టీ కాచేదీ ఆవిడే. బండిలోంచి తుపాకి దించుతుంటే గేటు పట్టుకుని నిలబడి చూసింది.

"ఓహో, ముసలాయనకి కొత్త పెళ్ళాం!"

"నోర్ముయ్ మార్లీన్."

"ఎంత పొడుగో! చెప్పిన మాట వింటుందా?"

"నీకంటే నయం. నేను నొక్కితేనే నోరు తెరుస్తుంది."

ఆవిడ పడీపడీ నవ్వి, మడత కుర్చీ వేసుకుని, పెద్ద దుర్భిణి ముందు కూర్చుంది. కెల్విన్ ముందు దగ్గరి లైనులో గురి సరిచూసుకుని, వెనక్కి తొమ్మిది వందల మీటర్లకు వచ్చి బోర్లా పడుకున్నాడు. గొట్టం పక్కన గుండు వేగం కొలిచే యంత్రం పెట్టాడు. కాల్చాడు, తుడిచాడు, కాల్చాడు. గుండు వెనక గుండు బోర్డు నడిబొడ్డు చుట్టూ మూగాయి.

"ఆరేళ్ళు పడుకున్నా నీ కళ్ళకి తుప్పు పట్టలేదోయ్," అంది మార్లీన్.

తర్వాతి గుండుకు భుజం మీద పడాల్సిన తన్ను సగమే పడింది. చప్పుడు కూడా, ఎవరో చప్పట్లు కొట్టబోయి మానుకున్నట్టుగా వచ్చింది.

"అదేంటి, నీ పెళ్ళాం దగ్గింది?" అంది మార్లీన్. దుర్భిణిలో కన్ను పెట్టింది. "బోర్డు మీద లేదు. కింద మట్టికట్ట మీద దుమ్ము లేచింది, అదిగో."

కెల్విన్ యంత్రం వైపు చూశాడు. వేగం పడిపోయింది.

"మబ్బు అడ్డొచ్చి తప్పు చూపిస్తోంది," అన్నాడు.

"మబ్బా? ఈ ఎండలోనా? పాత తూటాలు కదా, మందు చెమ్మ పట్టిందేమో."

మందుకు చెమ్మ పడితే పెట్టె మొత్తానికీ పడుతుంది, మధ్యలో ఒక్కదానికి పట్టదు. ఆ సంగతి కెల్విన్‌కు తెలుసు. మార్లీన్‌కు చెప్పలేదు. మిగిలిన తూటాలు ఏరుకుని, టీ వద్దని ఇంటికి వచ్చేశాడు.

షెడ్డు పొయ్యిలా ఉంది. ఒక్కో తూటానూ ప్లాస్టిక్ సుత్తిలో బిగించి నేలకేసి కొట్టాడు. అలా కొడితే గుండు ఊడి, మందు బయటికి వస్తుంది. ఆ మందును కరెంటు త్రాసు మీద తూచాడు. మొదటిది సరిగ్గా ఉంది. రెండోదీ అంతే. తర్వాతిది తక్కువ, చిటికెడు కాదు, బాగా తక్కువ. మళ్ళీ కొన్ని సరిగ్గా ఉన్నాయి. మళ్ళీ ఒకటి తక్కువ.

చాలాసేపు బల్ల ముందు కూర్చున్నాడు. మందు ఒలికి ఉంటుందనుకున్నాడు. త్రాసు చెడి ఉంటుందనుకున్నాడు. దానితో వచ్చిన తూనిక బిళ్ళ పెట్టి చూశాడు. త్రాసు బాగానే ఉంది. చెమట కళ్ళలోకి కారుతుంటే మూలనున్న నిలువు ఫ్యాను మీట నొక్కి మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

ఫ్యాను ఆ గోడకేసి చూసి, మెల్లగా ఇటు తిరిగింది. త్రాసు పళ్ళెంలో ఉన్న మందు ఉన్నట్టుండి బరువెక్కింది. అంకెలు పెరిగాయి. ఫ్యాను ముఖం తిప్పుకుంది. అంకెలు తగ్గాయి. మళ్ళీ ఇటు వచ్చింది. మళ్ళీ పెరిగాయి.

పాత త్రాసు ముల్లు కంటికి ఆనడం లేదని ఆ ఏడే ఈ కరెంటు త్రాసు కొన్నాడు. ఆ జనవరిలోనే, అక్కడి నడివేసవిలో, తారు కరిగే ఎండల్లో, ఇదే ఫ్యాను వేసుకుని, గ్లెనిస్ ఈస్టర్ తూటాలు చేశాడు. ఫ్యాను ఇటు చూసినప్పుడు తూచినవాటిలో గాలి బరువు కూడా కలిసింది. అంతమేర మందు తగ్గింది. రేంజిలో ఆకు కదిలితే ఎంత గాలో చెప్పగల మనిషి సొంత షెడ్డులో గాలిని తూచి పోశాడు.

లేచి ఫ్యాను ఆపాడు. బండెక్కి లైల్ పొలానికి వెళ్ళాడు.

లైల్ గొర్రెల తొట్టి దగ్గర పైపు బాగు చేస్తున్నాడు. కుక్క మొరుగుతూ బండి మీదికి వచ్చింది.

"కుక్కని పట్టుకో," అన్నాడు కెల్విన్, దిగకుండానే.

"అది కరవదు. ఈ చుట్టుపక్కల కరిచేది నువ్వొక్కడివే." లైల్ నడుం ఎత్తలేదు. "ఏం, దారి తప్పావా?"

కెల్విన్ దిగాడు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే గది బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు.

"చప్పుడు విన్నావా?" అన్నాడు కెల్విన్.

లైల్ పానా కింద పెట్టాడు. ఏ చప్పుడని అడగలేదు.

"విన్నాను. మెత్తగా పేలింది."

"దుమ్ము?"

"చూశాను. బోర్డు కింద, కట్ట మీద. గుండు ఎక్కడ పడిందో కళ్ళారా చూసి, మళ్ళీ చూడమని ఏమని అడగనురా?"

"మరి నాతో చెప్పొచ్చుగా."

"చెబుదామనే లేచాను. గ్లెనిస్ నావైపు తిరిగి వద్దని తల ఊపింది. తర్వాత టీ డేరా వెనక్కి లాక్కుపోయి నా చొక్కా పట్టుకుంది. 'తూటా సంగతి కెల్విన్‌కి చెప్పావో, నీ మొహం చూడను. ఆ ఎండలో కూర్చుని నాకోసం చేశాడు. నేను పోయాక అదొక్కటే తల్చుకుంటూ కూర్చుంటాడు. నా వేలు జారిందని నేను చెబుతా' అంది."

చెప్పింది. ఆరోజు ఇంటికి వచ్చేటప్పుడు గ్లెనిస్ బండిలో కిటికీలోంచి బయటికి చూస్తూ "వేలు జారింది, అంతే. వదిలెయ్ కెల్విన్" అంది. అన్నను వెనకేసుకొస్తోందని కెల్విన్ ఆ దారి పొడుగునా ఆమె మీద అరిచాడు. ఆ ఆఖరి నెలల్లో ఆమెతో మాట్లాడిన మాటల్లో చాలా భాగం అదే గొడవ.

"చర్చి దగ్గరైనా చెప్పాల్సింది," అన్నాడు.

"ఎలా చెబుతానురా? నేను మాటిచ్చింది దానికి. అది శవపేటికలో ఉంది."

కుక్క వచ్చి ఇద్దరి మధ్యా పడుకుంది. లైల్ చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"నాకు నీ క్షమాపణలొద్దు. క్లబ్బులో ఏమనుకుంటే నాకేంటి? అమ్మకి చెప్పు. తొంభై దాటింది. ఆ వృద్ధుల హోముకి నేను ప్రతి ఆదివారం వెళ్తాను, నన్ను చూసి గోడవైపు తిరిగి పడుకుంటుంది. నేను చెబితే సాకంటుంది. నువ్వు చెబితే నమ్ముతుంది."

"చెబుతా," అన్నాడు కెల్విన్. చెప్పాలనే అన్నాడు.

మర్నాడు ఇద్దరూ ఎవరి బండిలో వాళ్ళు వెళ్ళారు. లైల్ బయట గోడ నీడన ఆగిపోయాడు. కెల్విన్ లోపలికి వెళ్ళాడు.

ఈడిత్ కిటికీ పక్క కుర్చీలో ఉంది. అల్లుణ్ణి చూసి ముఖం విప్పారింది.

"కెల్విన్! రా, కూర్చో. ఇక్కడి టీ మాత్రం తాగకు. కప్పులు కడిగిన నీళ్ళకి పాలు కలిపి ఇస్తారు."

"అమ్మా, ఆ ఈస్టరు సంగతి..."

"ఎందుకిప్పుడు? వాడు అడగలేదు. నాకు తెలుసు."

"వాడు అడక్కపోవడానికి..."

"వాడి ఊసు ఎత్తకు. నీమీద నాకే లోటూ లేదు నాయనా." ఆవిడ అతని చెయ్యి అందుకుంది. ఎముకలు తప్ప బరువు లేని చెయ్యి. "నా కూతురికి ప్రతి తూటా చేసి పెట్టావు. నా మొగుడు నాకో గుడ్డు ఉడికించి పెట్టి ఎరగడు. 'అమ్మా, కెల్విన్ చేతిలో ఏదీ తప్పదు' అనేది. ఆసుపత్రిలో కూడా అదే అంది."

కెల్విన్ నోరు తెరిచాడు. నాలుగు మాటలు చాలు. మందు తక్కువైంది, నేనే పోశాను. కిటికీలోంచి లైల్ టోపీ కనబడుతోంది. ఎండ జరిగినకొద్దీ నీడ కోసం గోడకు అతుక్కుని నిలబడ్డాడు.

"ఏదో చెప్పబోయావు?" అంది ఈడిత్.

"టీ బాగానే ఉంది," అన్నాడు కెల్విన్. ఆయా తెచ్చి పక్కన పెట్టిన కప్పు ఖాళీ చేశాడు. ఆవిడ వదిలేదాకా ఆ చెయ్యి అలాగే ఉంచి, లేచి వచ్చేశాడు.

లైల్ ఎదురొచ్చాడు. "ఏమంది?"

కెల్విన్ బండి తలుపు తీశాడు.

"చెప్పావా?"

"లేదు."

లైల్ టోపీ తీసి చెమట తుడుచుకున్నాడు. "సరే. ఇవాళ కాకపోతే ఆదివారం. నేనూ వస్తా."

"ఆదివారమూ చెప్పను."

"కెల్విన్, అది నా తల్లిరా."

"గ్లెనిస్ చెప్పొద్దంది. నువ్వు మాట నిలబెట్టుకున్నావు. నేనూ నిలబెడతా."

"నీకు చెప్పొద్దంది! అమ్మకి కాదు. నీ సిగ్గు కాపాడుకోడానికి చచ్చినదాన్ని అడ్డం పెట్టుకుంటావా?"

అది నిజమని కెల్విన్‌కు తెలుసు. ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే వాడితో జీవితంలో మళ్ళీ మాట్లాడేవాడు కాదు. బండెక్కి తలుపు వేసుకుని, అద్దం దించాడు.

"ఇంక ఈ సంగతి నా దగ్గర ఎత్తకు లైల్. నేను చచ్చేదాకా ఎవరి దగ్గరా ఎత్తను."