మిగిలిన అయిదు ఉండలు

జ్ఞానమణి బంకమట్టితో ఇరవై ఎనిమిది ఉండలు చేసి, పచ్చిగా ఉన్నప్పుడే బెజ్జాలు పెట్టి, పొయ్యిలో కాల్చి ఎర్రరంగు పూసింది. చీపురుపుల్లలు గుచ్చి, ఎనిమిది మూలలకు ఎనిమిది, ఆరు గోడల నడుమ ఒక్కొక్కటీ పెట్టి మొదటి పెట్టె పూర్తి చేసి, దాని గోడకు ఆనించి రెండో పెట్టె కట్టేసరికి అయిదు ఉండలు మిగిలాయి. మళ్ళీ లెక్కపెట్టింది. ఎక్కడా ఖాళీ లేదు.

ఆమె భర్త ఆనందం కడపలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్తాడు. స్ఫటికాల్లో పరమాణువులు ఎలా అమరి ఉంటాయో చెప్పే పాఠం ఈ ఏడే అతనికి కొత్తగా పడింది. ఇవాళ యూనివర్సిటీ నుంచి పెద్దాయన ఆ పాఠం చూడ్డానికి వస్తున్నాడు. ఉద్యోగం ఖాయం కావడం ఆయన మాట మీదే ఉంది. పోయిన వారం రాగి స్ఫటికం బొమ్మగా ఒక్క పెట్టె చేసినప్పుడు ఆనందం గదిలోంచే అడిగాడు: "ఎన్ని ఉండలు పట్టినాయి?" పద్నాలుగు అంది. "అయితే కార్డు మీద అదే రాయి. ఒక్కో గడికి, అంటే పెట్టెకు, పద్నాలుగు పరమాణువులు." చేతులు కాల్చుకునేది ఆమె, కార్డులు రాసేది ఆమె. ఆదివారాలు కూర్చొని ఈ బొమ్మలన్నీ తానే చేస్తానని కాలేజీలో చెప్పుకునేది అతను.

రెండు పెట్టెలకూ ఒకే గోడ అయితే ఆ గోడలోని ఉండ సగం ఇటుది, సగం అటుది. మరి మూలది? తాను కూర్చున్న నేలకేసి చూసింది. నాలుగు కడప బండల మూలలు ఒకేచోట కలిశాయి. వాటి మీద ఇంకో వరస పేరిస్తే ఎనిమిది. మూల ఉండ ఎనిమిది పెట్టెలది, ఒక్కోదానికి ఎనిమిదో వంతే; అంటే ఎనిమిది మూలలూ కలిపి ఒక్క ఉండ. ఆరు గోడల సగాలూ కలిస్తే మూడు. పద్నాలుగు కాదు, నాలుగు.

లెక్క సరిపోయేకొద్దీ భయం పట్టుకుంది. నిరుడు పాస్టరుగారి ముందు అతను చెప్పిన లెక్క తప్పని నవ్వుతూ అంది. ఆయన వెళ్ళగానే, "నలుగురిలో నా పరువు తీస్తావా? పిల్లను ఈడ్నే పెట్టుకోని నిన్ను నంద్యాలకు తోలేస్తా" అన్నాడు. "నీకెందుకు మే అడ్డం మాట్లాడేది? గమ్మునుండు" అంది అత్త విశ్వాసమ్మ. వారం రోజులు కూతుర్ని జ్ఞానమణి దగ్గరికి రానివ్వలేదు. తలుపు అవతల ఆ ఏడుపు ఇంకా చెవుల్లోనే ఉంది. ఇప్పుడు నోరు మూసుకుంటే, పెద్దాయన తప్పు పట్టాక, పద్నాలుగని చెప్పింది నువ్వే గదా అంటాడు. చెప్తే అడ్డం మాట్లాడినట్టు. ఎటు పోయినా నంద్యాలకు, పుట్టింటి బస్సే.

పాత కార్డు చించి, కొత్తదాని మీద నాలుగు అని రాసింది.

ఆనందం కోటు గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "ఇదేంది? పద్నాలుగు గదా?"

"అది ఉండల లెక్కండీ. గడిలోది నాలుగే." బండల సందు మీద వేలు పెట్టి చెప్పింది.

అతను సంచిలోంచి పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. నాలుగు అని ఉన్నచోట ఆగాడు. మూసేశాడు. తల్లి విన్నదేమోనని వంటింటి వైపు చూశాడు.

"మధ్యాన్నం ఆయన ఈడికే భోజనానికొస్తాడు. ఎవురు చేసినారని అడిగితే నా పేరే చెప్పు. లెక్క సంగతి యాడా అనొద్దు."

ఆమె కార్డును పెట్టెకు ఆనించి నిలబెట్టింది.

"అడిగితే నేనే చేసినానని చెప్తా. లెక్కా నాదే."

అతని పెదవులు కదిలాయి. ఏ మాట రాబోతోందో ఆమెకు తెలుసు.

"నంద్యాలకు పొమ్మంటే పోతా," అంది. "పిల్లతోనే పోతా."