బెండు మంచినీళ్లలో, కొక్కెం ఉప్పునీళ్లలో

కళ్లజోళ్లాయన దుకాణానికి వెళ్లినవాళ్లకు రెండు సంగతులు తెలిసేవి. తమ చూపు ఎంత తగ్గిందో ఒకటి, ఏ నీళ్లలో చేప పట్టడానికి ఏ గేలం కొనాలో రెండోది. మొదటిదానికే డబ్బు తీసుకునేవాడు.

అక్షరాల బోర్డు ముందు మనిషిని కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, కింది వరస చదవమనేవాడు. సగం చదివాక, చేపలు పడతారా అని అడిగేవాడు. అవునంటే పరీక్ష అక్కడ ఆగేది. కాదంటే ఎందుకు పట్టరని అడిగేవాడు, అప్పుడూ ఆగేది. మిగతాదంతా ఆ మనిషి ఒక కన్ను మూసుకునే వినేవాడు.

ఆయన చెప్పేదాంట్లో తప్పుండేది కాదు. చెరువుకూ ఏటికీ తేలికపాటి కర్ర, చిన్న రీలు, సన్నటి నైలాన్ దారం చాలు. దారం సన్నగా ఉంటే చేప కంట పడదు. సముద్రానికి పొడుగు కర్ర కావాలి. రీలు ఉప్పు తినని లోహంతో చేసినదై ఉండాలి. దారం అల్లినది తీసుకుని, దాని చివర చేప పళ్లకు తెగని మందపాటి దారపు ముక్క ముడివేయాలి. కొత్తవాళ్లు దుకాణంలో వేలాడేవన్నీ కొనక్కర్లేదు; కర్ర, రీలు, కొన్ని కొక్కేలు, పటకారు, చేతివల, నెత్తిన టోపీ ఉంటే పని జరుగుతుంది. సముద్రం నుంచి వచ్చాక రీలును మంచినీళ్లతో మెల్లగా కడగాలి. కుళాయి ధార కింద పెడితే పైనున్న ఉప్పు లోపలికి పోతుంది.

ఈ సలహాలు విన్నవాళ్లలో చాలామంది చేపలు పట్టారు. కొందరు ఫొటోలు తెచ్చి చూపించారు. ఆయన ఫొటోలో చేపను చూసేవాడు కాదు, రీలును చూసేవాడు.

ఆయన మాత్రం ఇంతవరకు ఒక్క చేపా పట్టలేదు. ఈ సంగతి ఆయన భార్యకూ, ఆమె తమ్ముడికీ తెలుసు. భార్య ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు సిటీ బస్సు నడుపుతాడు కాబట్టి ఆ దారిలోని స్టాపులన్నిటికీ తెలిసిపోయింది.

వాళ్లది మూడు గదుల ఇల్లు. ఒకటి పడకగది, ఒకటి వంటగది, మూడోది గేలాల గది. భార్య బట్టలు కుడుతుంది. ఆమె కుట్టుమిషన్లు వీధి తలుపుకూ వంటింటికీ మధ్యనున్న నడవలో ఉండేవి. ఎవరు తలుపు తీసినా అంచు వచ్చి ఆమె మోచేతికి తగిలేది. తగిలినప్పుడల్లా కుట్టు వంకర పోయేది. విప్పి మళ్లీ కుట్టేది.

గేలాల గదిలో ఎవరి మోచేతికీ ఏదీ తగిలేది కాదు. ఎడమ గోడకు మంచినీటి సరంజామా, కుడి గోడకు ఉప్పునీటి సరంజామా, ఎదురుగా రెండు అరల బీరువా. ఎడమవైపు వస్తువులు నీలం సంచిలో వెళ్లి నీలం సంచిలో తిరిగొస్తాయి, కుడివైపువి ఎర్ర సంచిలో. తుడిచే గుడ్డలు వేరు, నూనె సీసాలు వేరు, చేతివలలు వేరు. ఉప్పు కంటికి కనబడదని, ఒకసారి బేరింగులోకి దిగితే ఇక రీలు చచ్చినట్టేనని ఆయన వాదం. ఒకసారి బావమరిది ఎర్రవైపు గుడ్డతో నీలంవైపు కర్రను తుడిచాడు. ఆయన ఆ గుడ్డను పారేశాడు, కర్రను ఎండలో పెట్టాడు, బావమరిదిని గది బయట కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"అంటు ఎన్నాళ్లు బావా?" అని బావమరిది అడిగాడు.

ఆ ఏడు ఒక బడి పిల్లల బట్టలు కుట్టే పని భార్యకు వచ్చింది. ఇంకో మిషను కావాలి, గుడ్డ పరిచి కత్తిరించడానికి బల్ల కావాలి, ఈ రెండూ నడవలో పట్టవు. పని ఒప్పుకుంటున్నదీ లేనిదీ సోమవారం చెప్పమని బడివాళ్లు అడిగారు. ఆమె గది అడిగింది. ఆయన చాలాసేపు ఓపికగా వివరించాడు. వంటింట్లో ఆవిరి ఉంటుంది, వసారాలో దుమ్ము ఉంటుంది, మంచం కింద గాలి ఆడదు. రీళ్లకు ఈ మూడూ పడవు. ఆమె అంతా విని, నడవలో తనకు పడుతున్నవేమిటో చెప్పకుండా, ఒక మాట అంది.

"ఆదివారం ఒక్క చేప పట్టి చూపించండి. చూపిస్తే ఆ గది ఊసు ఇక ఎత్తను, బడివాళ్లకు కుదరదని చెప్పేస్తాను. లేదంటే సోమవారం నా బల్ల అందులో వేసుకుంటాను."

"మంచినీటి చేపా, ఉప్పునీటి చేపా?"

"చేపండీ. నీళ్లలో ఉంటుంది."

ఆయనకు ఈ షరతులో ఒక చిక్కు కనబడింది. చెరువుకు వెళ్లి నీలం సంచితో చేప పట్టాడనుకుందాం. అప్పుడు కుడి గోడ ఎందుకని భార్య అడుగుతుంది. సముద్రానికి వెళ్లి పడితే ఎడమ గోడకు ఎసరు వస్తుంది. గది మొత్తం నిలబడాలంటే రెండు సంచులూ అవసరమయ్యే చోటికి వెళ్లాలి. అందుకని ఏరు సముద్రంలో కలిసే చోటును ఎంచుకున్నాడు. ఈ నిర్ణయానికి రావడానికి ఆయన దుకాణం రెండు రోజులు మూసి ఉంది. కళ్లజోళ్ల కోసం వచ్చినవాళ్లు తలుపు మీద ఏం రాసుందో చదవలేక తిరిగి వెళ్లారు.

ఆదివారం బావమరిది ఎవరిదో వ్యాను అడిగి తెచ్చాడు. నీలం సంచి ముందు, ఎర్ర సంచి వెనక. మధ్యలో అక్క కూర్చుంది. ఆమె కాజాలు కుట్టాల్సిన చొక్కాలు కొన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

ఏటి ఒడ్డున రాతి గోడ, దాని పక్కన నీళ్లలోకి దిగే సిమెంటు మెట్లు. గోడ మీద అక్కడక్కడా మనుషులు గేలాలు వేసుకుని కూర్చున్నారు. వాళ్లలో ఒకరిద్దరు కళ్లజోళ్లాయనను గుర్తుపట్టి లేచి నమస్కారం పెట్టారు. వాళ్ల డబ్బాల్లో చేపలున్నాయి.

ఆయన మెట్లు దిగి, నీళ్లలో వేలు ముంచి, నాలుకకు రాసుకున్నాడు. మంచినీళ్లు. పైకి వచ్చి నీలం సంచి విప్పాడు. కర్ర ముక్కలు బిగించాడు. రీలు ఎక్కించాడు. దారాన్ని కర్ర మీది కడియాల్లోంచి ఒక్కొక్కటిగా దూర్చాడు. కొక్కెం కట్టి, ముడిని ఉమ్మితో తడిపి బిగించాడు. పొడి ముడి బిగిస్తే దారం వేడెక్కి బలం పోతుందని భార్యకు చెప్పాడు. ఆమె తన సూదిలో దారం ఎక్కించుకుంటూ ఊఁ కొట్టింది. బెండు కట్టి, సీసపు గుండు నొక్కి, ఎర గుచ్చి, అన్నీ సరిచూసుకుని మెట్లు దిగి, మళ్లీ నాలుకకు వేలు రాసుకున్నాడు. ఈసారి ఉప్పగా ఉంది. పోటు మొదలైంది.

పైకి వచ్చి నీలం సరంజామా విప్పాడు. చేతులు కడుక్కున్నాడు. ఎర్ర సంచి తీశాడు.

ఎర్ర సరంజామా సిద్ధమయ్యేసరికి ఒక పడవ వెళ్లింది. దాని అలకు పైనీళ్లూ కిందినీళ్లూ కలిశాయి. రుచి చూస్తే ఉప్పగానూ లేదు, చప్పగానూ లేదు. ఆయన మెట్టు మీద కూర్చుని ఆలోచించాడు. తర్వాత భార్యకు సంగతి చెప్పాడు. ఏటి నీరు తేలిక, సముద్రపు నీరు బరువు. అందువల్ల ఇక్కడ మంచినీళ్లు పైన ఉంటాయి, ఉప్పునీళ్లు అడుగు నుంచి లోపలికి వస్తాయి. అంటే ఇక్కడ గేలం వేస్తే బెండు మంచినీళ్లలో తేలుతుంది, కొక్కెం ఉప్పునీళ్లలో వేలాడుతుంది. ఒకే దారం, రెండు నీళ్లు. దీనికి ఏ సంచి?

"చేపనే అడుగు బావా, మీది ఏ ఊరు అని" అన్నాడు బావమరిది.

భార్య నవ్వింది. గోడ మీద కూర్చున్నవాళ్లలో ఒకాయన కూడా నవ్వి, గౌరవం గుర్తొచ్చి దగ్గాడు.

ఎండ మెట్ల మీదకు వచ్చింది. ఆయన ఎర్ర సరంజామా విప్పి నీలం, నీలం విప్పి ఎర్రది కట్టాడు. పక్కనున్నవాళ్లు ఆయనకు అడ్డం రాకుండా జరిగి కూర్చున్నారు. ఏదో పెద్ద ప్రయోగం జరుగుతోందని అనుకున్నట్టున్నారు. ఒకడు దగ్గరకొచ్చి తన రీలు గట్టిగా తిరుగుతోందని చూపించాడు. ఆయన దాన్ని విప్పి, గ్రీజు ఎక్కువైందని చెప్పి, తుడిచి ఇచ్చాడు. వాడు వెళ్లి కూర్చోగానే చేప పట్టాడు.

చొక్కాల కాజాలు అయిపోయాయి. భార్య కత్తెరతో చివరి దారం తెంపి, ఇక ఇంటికి వెళ్లి వంట చేయాలని అంది. కోపంగా అనలేదు. ఆయన చేతిలో అప్పుడున్నది నీలం కర్ర. నాలుకకు ఏమీ రాసుకోకుండా, కళ్లు మూసుకుని విసిరాడు.

బెండు పడింది, నిలబడింది, కొంచెం పక్కకు జరిగింది. తర్వాత కనబడలేదు.

కర్ర వంగింది. రీలు నుంచి దారం చప్పుడు చేస్తూ పోయింది. బావమరిది గోడ మీంచి దూకాడు. భార్య ఒళ్లోని చొక్కాలు మెట్ల మీద పడిపోయాయి, ఆమె చూసుకోలేదు. పెళ్లయినప్పటి నుంచి ఆయన కర్ర వంగడం ఆమె చూడలేదు. నిజానికి ఆయనా చూడలేదు.

కానీ ఏం చేయాలో ఆయనకు తెలుసు; ఇన్నేళ్లుగా అందరికీ చెబుతున్నదే. కర్ర పైకెత్తి ఉంచాడు. చేప లాగినప్పుడు వదిలాడు, అలసినప్పుడు చుట్టాడు. ఎక్కడా తొందరపడలేదు. చేప ఏటి వైపు రాకుండా సముద్రం వైపు పరిగెత్తింది, మళ్లీ తిరిగింది. ఒకసారి నీటి పైకి వచ్చి పక్కకు దొర్లింది. తెల్లటి పొట్ట అందరికీ కనబడింది. మూర పొడుగు ఉంటుంది.

"అదుగోండి, వచ్చేసింది, వదలకండి" అంది భార్య. చేతికందిన చేతివల తీసుకుని, చీలమండలు మునిగేదాకా మెట్లు దిగింది.

"అది ఎర్ర సంచిది" అన్నాడాయన.

"ఏదైతేనేం, మీరు చుట్టండి."

ఆయన చుట్టాడు. తడి దారం రీలు మీదకు వస్తోంది, దాన్నుంచి చుక్కలు వేళ్ల మీద పడుతున్నాయి. ఒక చుక్క పెదవి మీద పడింది. ఆయన నాలుకతో తాకాడు. ముఖం మారింది. చుట్టడం ఆపాడు.

"ఉప్పు" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఆయన మాత్రం లెక్క వేసుకుంటున్నాడు. చేప సముద్రపు నీళ్లలోంచి ఎంత దారం లాక్కుపోయిందో అంతా ఇప్పుడు ఉప్పుతో తిరిగొస్తోంది. తిప్పిన ప్రతి చుట్టూ ఉప్పును లోపలికి నూరుతుంది. అది మంచినీటి రీలు. దాని బేరింగులు ఉప్పుకు చేసినవి కావు.

"కత్తెర ఇటివ్వు" అన్నాడు.

భార్య ఇచ్చింది. చేప దగ్గరకొచ్చాక కత్తెరతో ఏదో చేస్తారేమో, ఆయనకు తెలియంది ఏముంటుందని అనుకుంది. ఆయన కర్రను చంకలో పెట్టుకుని, రీలుకు దగ్గరగా చూసి, దారం కత్తిరించాడు.

కర్ర లేచి నిటారుగా నిలబడింది. భార్య చేతివలతో నీళ్లలో అలాగే నిలబడింది. గోడ మీద కూర్చున్నవాళ్లు తమ బెండ్ల వైపు తిరిగారు. ఆయన తాగడానికి తెచ్చుకున్న మంచినీళ్ల సీసా తీసి, రీలు మీద మెల్లగా, ధారగా కాకుండా, చుక్కలు చుక్కలుగా పోశాడు. సీసా ఖాళీ అయ్యేదాకా పోశాడు.

దారిలో తడిసిన చొక్కాలను భార్య వ్యాను కిటికీకి ఆరేసింది. అందరికీ దాహంగా ఉంది.

ఇంటికి వచ్చాక ఆమె నేరుగా గేలాల గదిలోకి వెళ్లి, తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసింది. ఆయన వెనకాలే వెళ్లి, కారణం చెప్పుకున్నాడు. చేపలు మళ్లీ పడతాయని, ఆ రీలు తయారీ ఇప్పుడు ఆపేశారని, పోతే మళ్లీ దొరకదని చెప్పాడు. ఆమె పూర్తిగా విన్నది.

"చేప దొరక్కపోయినా నేనేమీ అనుకునేదాన్ని కాదు" అంది. "అది పైకి తేలింది చూశారూ, అప్పుడే అనుకున్నాను. పోనీలే, గది ఈయనకే ఉంచేద్దాం, నా తిప్పలు నేను పడదాం అని. నీళ్లలోకి ఊరికే దిగానా? మీరే నా చేత కత్తెర ఇప్పించుకున్నారు."

ఆయన నీలం సంచిలోంచి రీలు బయటకు తీశాడు.

ఆమె సోమవారం దాకా ఆగలేదు. బడివాళ్లకు ఫోను చేసి పని ఒప్పుకుంటున్నానని చెప్పింది. తమ్ముణ్ని పిలిచి, ఎడమ గోడవీ కుడి గోడవీ కలిపి వసారాలోకి చేర్చడం మొదలుపెట్టింది. బావమరిది ఏ గుడ్డతో పడితే ఆ గుడ్డతో దుమ్ము దులిపాడు. కళ్లజోళ్లాయన అడ్డుపడలేదు. గది మధ్యలో నిలబడి, నీలం రీలును చెవి దగ్గర పెట్టుకుని, పిడిని మెల్లగా తిప్పుతూ వింటున్నాడు. ఇసుక నలిగిన చప్పుడు వస్తే ఉప్పు దిగినట్టు. చాలాసేపు తిప్పాడు. ఏ చప్పుడూ రాలేదు. ముఖం తేటపడింది.

"ఏమీ కాలేదు" అన్నాడు భార్యతో. "కొత్తదానిలా తిరుగుతోంది."

"మంచిది" అంది ఆమె. "అది జేబులో పెట్టుకుని, బీరువా ఆ కొస పట్టుకోండి."